రొట్టె, నీళ్లు, నిద్ర, ఆ తరువాతే ప్రశ్న: క్రైస్తవ స్త్రీ తన మానసిక ఆరోగ్యాన్ని కాపాడుకొనే క్రమం

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చనిపోవాలని కోరుకున్నాడు. కర్మెలు పర్వతంమీద ఆకాశంనుండి అగ్ని దిగిరావడాన్ని కళ్లారా చూసిన ఆ ప్రవక్త, కొద్ది కాలానికే రాణియైన యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, బెయేర్షెబాలో తన దాసుణ్ణి విడిచిపెట్టి, ఒంటరిగా ఒక దినప్రయాణం అరణ్యంలోకి వెళ్లి, బదరీవృక్షం కింద కూర్చొని, “ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము” అని ప్రార్థించాడు. దానికి వెంటనే వచ్చిన జవాబులో గద్దింపు లేదు, బోధ లేదు. దూత అతణ్ణి తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెను, నీళ్లను చూపించాడు. అతడు తిని, తాగి, తిరిగి పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, “నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది” అని చెప్పి మళ్లీ భోజనం చేయమన్నాడు. “ఏలీయా, యిచ్చట నీవేమిచేయుచున్నావు?” అనే ప్రశ్న మాత్రం నలభై పగళ్లు, నలభై రాత్రులు గడిచి, అతడు హోరేబు గుహకు చేరిన తరువాతే వచ్చింది.

మన స్త్రీల కూడికల్లో సాధారణంగా ఈ క్రమం తలకిందులవుతుంది. దిగులుతో వచ్చిన సహోదరిని ముందు ప్రశ్నిస్తాం: వాక్యం చదువుతున్నావా, ఒప్పుకోని పాపమేమైనా ఉందా, విశ్వాసం ఎందుకు తగ్గింది అని అడుగుతాం. ఆమె ఎన్ని రాత్రులుగా నిద్రపోలేదో, కడుపునిండా ఎప్పుడు తిన్నదో అడగడం చివరికి గాని గుర్తుకు రాదు, కొన్నిసార్లు అసలు గుర్తుకే రాదు. ఈ వ్యాసం ఏలీయా విషయంలో దేవుడు పాటించిన క్రమాన్నే అనుసరిస్తుంది: ముందు శరీరం, ఆ తరువాత గుండెలోని మాట, ఆ తరువాత ఆలోచన, ఆ తరువాత తోడు. వైద్యుడి అవసరం వీటిలో ఏ దశలోనైనా రావచ్చు కాబట్టి, వైద్యాన్ని అన్నీ విఫలమయ్యాక పట్టుకొనే ఆఖరి మెట్టుగా ఎవరూ భావించకూడదు.

దిగులా, వ్యాధా, ఆత్మీయ ఎండుదనమా

అయినవారు చనిపోయినప్పుడు ఏడవడం, పరీక్షల ముందు గుండె దడదడలాడడం వ్యాధి కాదు. అయితే దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు లేదా అంతకు మించి మనసు క్రుంగి ఉండడం గాని, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులపై ఆసక్తి పూర్తిగా పోవడం గాని జరిగి, దానితోపాటు నిద్ర, ఆకలి మారిపోవడం, విపరీతమైన అలసట, ఏకాగ్రత లోపించడం, తాను ఎందుకూ పనికిరాననే భావన, చావును గురించిన ఆలోచనలు వంటివి కనిపిస్తే, వైద్యులు దానిని డిప్రెషన్‌గా అనుమానించి పరీక్షిస్తారు. డిప్రెషన్ పురుషులకంటె స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. అది ఎప్పుడూ కన్నీళ్ల రూపంలోనే రాదు. పిల్లలమీద అకారణంగా విసుక్కోవడం, తగ్గని తలనొప్పి, ఒళ్లు నొప్పులు, మందిరంలో పాట పాడుతున్నా గుండెలో ఏమీ కదలకపోవడం కూడా దాని ముఖాలే కావచ్చు.

ఇక్కడ విశ్వాసులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ప్రార్థనలో దేవుని సన్నిధి అనుభవంలోకి రాని కాలాలు భక్తి జీవితంలో కొత్త కాదు. 16వ శతాబ్దపు స్పెయిన్ దేశపు సన్యాసియైన సిలువ యోహాను దానిని చీకటి రాత్రిగా వర్ణించాడు. మదర్ థెరిసా లేఖలు 2007లో ప్రచురితమైనప్పుడు, ఆమె దశాబ్దాల తరబడి అటువంటి చీకటిలోనే తన పరిచర్యను కొనసాగించిందని లోకానికి తెలిసింది. ప్రార్థన మాత్రమే ఎండిపోయి, నిద్ర, ఆకలి, పనిచేసే శక్తి, ఇతరులమీది ప్రేమ మామూలుగానే ఉంటే అది ఆత్మీయ ఎండుదనం కావచ్చు. ప్రార్థనతోపాటు వంట, స్నానం, పసిబిడ్డ నవ్వు, స్నేహితురాలి పలకరింపు అన్నీ రుచి కోల్పోతే అది వ్యాధి లక్షణంగా చూడవలసిన విషయం. రెండూ కలిసి కూడా రావచ్చు కాబట్టి, సందేహం ఉన్నప్పుడు సంఘకాపరితోను, వైద్యునితోను మాట్లాడడం మంచిది. ఒకరి దగ్గరికి వెళ్లడం మరొకరిని అవమానించడం కాదు.

శరీరాన్ని ముందు నిలబెట్టడం

మొదటి పనిగా ఒక చిన్న పుస్తకంలో రెండు వారాలపాటు మూడు విషయాలు మాత్రమే రాయాలి: ఎన్ని గంటలకు పడుకొని ఎన్ని గంటలకు లేచారు, ఏ పూట తిన్నారు, ఎంతసేపు నడిచారు. నెలసరి తేదీలను పక్కన గుర్తించుకోవాలి. ఈ పుస్తకంలో ఆత్మీయ విషయాలేవీ రాయనక్కరలేదు. చాలామంది స్త్రీలకు ఇంటిల్లిపాది భోజనవేళలు కంఠతా వచ్చి ఉంటాయి గాని, తాము నిన్న మధ్యాహ్నం తిన్నారో లేదో ఈ పుస్తకం చూస్తే తప్ప తెలియదు.

పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. ప్రతిరోజూ ఒకే వేళకు లేవడం, పడకమీద ఫోను చూడకపోవడం, మధ్యాహ్నం దాటాక కాఫీ మానడం వంటివి చిన్న పనులే అయినా, మనసుపై వాటి ప్రభావం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచిస్తుంది; వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. నడిచేటప్పుడు ఒక కీర్తన వచనాన్ని మనసులో మననం చేసుకుంటే నడక, ధ్యానం కలిసివస్తాయి. అసలు లేవలేని రోజున గడప దాటి ఐదు నిమిషాలు ఎండలో నిలబడినా ఆ రోజుకు చాలు.

ఒక రక్తపరీక్ష కూడా అవసరం. థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ బి12 లోపం డిప్రెషన్‌ను పోలిన లక్షణాలను కలిగించగలవు. నెలసరికి ముందు వారంలో మాత్రమే మనసు తీవ్రంగా కుంగి, నెలసరి మొదలైన కొద్ది రోజులకే తేలికపడుతున్నా, ముట్లు ఆగే వయసుకు ముందు సంవత్సరాల్లో నిద్ర, మనఃస్థితి చెదిరిపోతున్నా ఆ సంగతి వైద్యురాలికి చెప్పాలి, ఎందుకంటే వాటికి వేరుగా చికిత్స ఉంది. హార్మోన్ల మార్పును శోధనగా భావించి నెలల తరబడి విజ్ఞాపన చేసినవారు, ఒక పరీక్షతో కారణం తెలిసినప్పుడు దేవునికి కృతజ్ఞత చెల్లించడంలో వింత ఏమీ లేదు.

ఉపవాసం, రాత్రి జాగరణ ప్రార్థనల గురించి మన సంఘాల్లో స్పష్టంగా మాట్లాడేవారు తక్కువ కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. మనసు అతి ఉత్సాహానికి, తీవ్రమైన కుంగుబాటుకు మధ్య ఊగిసలాడే బైపోలార్ వ్యాధి ఉన్నవారికి నిద్రలేమి ఒక్కటే ఉన్మాద దశను రేపగలదు. అటువంటి సహోదరి రాత్రంతా ప్రార్థనలో గడిపి, ఆ తరువాతి రోజుల్లో నిద్ర అవసరమే లేనట్లు ఉత్సాహంతో, ఆగకుండా, వేగంగా మాట్లాడుతూ ఉంటే, దానిని ఆత్మాభిషేకంగా పొరబడి ప్రోత్సహించడం ఆమెకు ప్రమాదకరం. ఆ వ్యాధికి ఇచ్చే లిథియం అనే మందును వాడేవారి శరీరంలో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు స్థాయి విషమయ్యేంతగా పెరగగలదు కాబట్టి, నీళ్లు కూడా తాగని ఉపవాసం వారికి తగదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి విషయంలో మానసిక వ్యాధితో బాధపడేవారు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసం చేయకూడదు. వారు భోజనానికి బదులు ఫోనును గాని, వాదోపవాదాలను గాని మానుకొని ఆ సమయాన్ని దేవునికి ప్రత్యేకించవచ్చు. దేవుడు ఏలీయాకు రొట్టె పంపిన ఘడియలో అతణ్ణి ఉపవాసం ఉండమనలేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

గుండెలోని మాటను పైకి తీయడం

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. 13వ కీర్తన దేవుణ్ణి ఎన్నాళ్లవరకు అని పదేపదే నిలదీస్తుంది. 88వ కీర్తన అయితే ఆదరణ వాక్యమేదీ లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. అటువంటి కీర్తనను కూడా పరిశుద్ధ గ్రంథంలో నిలిపి ఉంచారంటే, పరిష్కారం దొరకని ప్రార్థన కూడా ప్రార్థనేనని ఒప్పుకున్నట్లే. మనమైతే సాక్ష్యం చెప్పేటప్పుడు విడుదల దొరికిన కథలనే చెబుతాం. మధ్యలో ఉన్నవారికి నోరు విప్పే చోటు ఉండదు.

హన్నా చేసినదానిని చూడండి. పిల్లలు లేనందుకు ఏటేటా ఎదురైన ఎత్తిపొడుపులకు ఏడ్చి, భోజనం మానిన ఆ స్త్రీ, మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థిస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమెను మత్తురాలని అనుకున్నాడు. ఆమె మౌనంగా తలవంచుకొని వెళ్లిపోలేదు. తాను మనోదుఃఖం గలదాననని, తన ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొంటున్నానని గౌరవంగా, స్పష్టంగా అతనికి చెప్పింది. దుఃఖాన్ని అపార్థం చేసుకున్న నాయకునికి నిజం తెలియజేయడం అవిధేయత కాదని ఈ సంఘటన చూపుతుంది. ఆమె తిరిగి వెళ్లి భోజనం చేసి, దుఃఖముఖిగా ఉండడం మానినది కుమారుడైన సమూయేలు పుట్టకముందే, ఆమె గర్భవతి కూడా కాకముందే.

విలాప ప్రార్థనను రాయడానికి నాలుగు భాగాలు సరిపోతాయి. మొదట దేవుణ్ణి పేరుపెట్టి పిలవాలి. రెండోది ఫిర్యాదు: జరిగినదానిని, దానివల్ల కలిగిన కోపాన్ని, అవమానాన్ని మర్యాద కోసం మెత్తబరచకుండా రాయాలి. మూడోది అడగవలసినదానిని సూటిగా అడగడం. “నన్ను ఆశీర్వదించు” అనేదానికంటె “ఈ రాత్రి నాలుగు గంటలైనా నిద్ర దయచేయి” అనేది మేలైన విన్నపం. నాలుగోది నమ్మిక మాట. అది రాకపోతే బలవంతంగా రాయవద్దు. ఆ చోటు ఖాళీగా విడిచి, తేదీ వేసి, మరో రోజు తిరిగి చూడవచ్చు. మాటలే రాని రోజుల్లో, ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ “ప్రభువా”, ఇంకా నెమ్మదిగా విడుస్తూ “కరుణించు” అని పది నిమిషాలు గడిపినా అది లోటు ప్రార్థన కాదు. ఊపిరి విడవడం పీల్చడంకంటె కొంచెం ఎక్కువసేపు సాగితే, ఆందోళనలో వేగం పుంజుకున్న గుండె నెమ్మదించడానికి కూడా అది తోడ్పడుతుంది.

ఆలోచనను ప్రశ్నించడం

హోరేబు దగ్గర ఏలీయా తానొక్కడే మిగిలానని రెండుసార్లు చెప్పాడు. దేవుడు ఆ మాటను ఓపికగా విని, చివరికి ఒక లెక్క చెప్పాడు: బయలుకు మోకాళ్లూనని ఏడు వేలమంది ఇశ్రాయేలులో ఇంకా ఉన్నారు. క్రుంగిన మనసు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు, అయితే తరచుగా అది అసంపూర్ణమైన లెక్క. 1960లలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన ఆలోచనా చికిత్స ఈ అసంపూర్ణమైన లెక్కలను పట్టుకోవడాన్నే నేర్పుతుంది. “నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?” అని 42వ కీర్తనకారుడు తనను తానే ప్రశ్నించుకున్నప్పుడు చేసిన పని కూడా దానికి దగ్గరిదే.

ఒక కాగితాన్ని నిలువునా మూడు భాగాలు చేసి, మొదటిదానిలో సంఘటనను, రెండోదానిలో అప్పుడు వచ్చిన ఆలోచనను, మూడోదానిలో ఆ ఆలోచనకు అనుకూలంగాను, వ్యతిరేకంగాను ఉన్న నిజాలను రాయాలి. ఉదాహరణకు, కుమార్తె పరీక్షలో తప్పింది. “తల్లిగా నేను పూర్తిగా విఫలమయ్యాను, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు” అనే ఆలోచన వచ్చింది. మూడో భాగంలో, ఈ సంవత్సరం తాను కుమార్తె చదువుపై శ్రద్ధ పెట్టలేకపోయిన మాట నిజమేనని ఒక వైపు రాయాలి. కుమార్తె ఏ భయం లేకుండా వచ్చి ఫలితం చెప్పిందని, మిగిలిన సబ్జెక్టుల్లో నెగ్గిందని, పుట్టు గుడ్డివాని విషయంలో వీడు పాపం చేశాడా, వీని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ రెండింటినీ కాదన్నాడని (యోహాను 9) మరో వైపు రాయాలి. వాక్యాన్ని మూడో భాగంలో పెట్టడం ముఖ్యం. ఆలోచన ఏమిటో తెలుసుకోకముందే దానిమీద వచనాన్ని కప్పితే, లోపలి పుండు మానకుండానే కట్టు కట్టినట్లవుతుంది. “దేనినిగూర్చియు చింతపడకుడి” అనే మాటను కూడా నిందగా వినక, దాని వెంటనే వచ్చే ఆహ్వానంతో కలిపి చదవాలి: విన్నపాలను దేవునికి తెలియజేయమన్నారు గాని, చింత ఉన్నదని సిగ్గుపడమని అక్కడ లేదు.

ఈ పద్ధతి పనిచేయని ఒక సందర్భం ఉంది. కొందరికి దైవదూషణ మాటలు తాము కోరకుండానే మనసులో మెదులుతాయి, క్షమాపణ దొరకని పాపం చేశామేమోననే భయం రోజుల తరబడి విడవదు, ఒకే పాపాన్ని ఇరవైసార్లు ఒప్పుకున్నా సరిగ్గా ఒప్పుకోలేదేమోనని అనిపిస్తుంది. ఇది ఓసీడీ అనే వ్యాధికి మతపరమైన రూపం కావచ్చు. ఆ ఆలోచనలతో ఆమెకు కలిగే బాధే అవి ఆమె కోరుకున్నవి కావని తెలుపుతుంది. ఇటువంటివారికి మళ్లీ మళ్లీ ధైర్యవచనాలు చెప్పడం తాత్కాలికంగా ఊరటనిచ్చినా, కాలక్రమంలో ఆ వలయాన్ని బలపరుస్తుంది. భయాన్ని క్రమంగా ఎదుర్కొంటూ, పదేపదే ఒప్పుకోవాలనే ఒత్తిడికి లొంగకుండా ఉండడం నేర్పే ప్రత్యేక చికిత్స దీనికి ఉంది. సంఘకాపరి ఆ చికిత్స గురించి తెలుసుకొని, ఆమె నూరోసారి అడిగినప్పుడు తాను నూరోసారి జవాబు చెప్పకుండా ఉండడంద్వారా సహకరించవచ్చు.

తోడు, గోప్యత, భద్రత

ఏలీయా చేసిన మొదటి పొరపాటు దాసుణ్ణి వెనుక విడిచిపెట్టి వెళ్లడం అని నాకు అనిపిస్తుంది. యేసు సైతం గెత్సేమనేలో తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని ముగ్గురు స్నేహితులకు చెప్పి, తనతోకూడ మెలకువగా ఉండమని అడిగాడు. వారు నిద్రపోయారు, అయినా అడగడం ఆయనకు చిన్నతనం కాలేదు.

అందరికీ చెప్పనక్కరలేదు, ఇద్దరికి చెబితే చాలు. వారిని ఎంచుకొనేటప్పుడు, ఇతరుల రహస్యాలను మీ దగ్గర ఎప్పుడైనా బయటపెట్టారా అన్నదే ప్రధానమైన కొలత. ప్రార్థన అంశమనే పేరుతో ఒకరి కష్టం సంఘమంతా తిరిగిరావడం మనలో అరుదు కాదు కదా. అందుచేత స్త్రీల కూడికలు ఒక నియమం పెట్టుకోవడం మంచిది: ఇక్కడ విన్నది చెప్పిన సహోదరి అనుమతి లేకుండా భర్తకు గాని, పాస్టరుగారి కుటుంబానికి గాని, మెసేజ్ గ్రూపుకు గాని చేరకూడదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు ఉంటుందని ముందే చెప్పాలి.

దిగులుకు కారణం ఇంట్లో దెబ్బలో, బెదిరింపులో, అవమానమో అయితే, ప్రార్థనకు, చికిత్సకు ముందు ఆమె భద్రత రావాలి. లోబడడాన్ని గురించిన వచనాలను దెబ్బలు తినడానికి ఆజ్ఞగా చదవడం వాక్యానికి అన్యాయం. క్షమించడం, తిరిగి అదే ఇంట్లో ప్రమాదంలో నివసించడం రెండు వేర్వేరు విషయాలు. అటువంటి చోట భార్యాభర్తలిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయడం ఆమెను మరింత ప్రమాదంలోకి నెట్టవచ్చు కాబట్టి, ఆమెతో వేరుగా మాట్లాడాలి.

వైద్యుని దగ్గరికి వెళ్లడం

పౌలు తన సహచరుడైన లూకాను ప్రియుడైన వైద్యుడు అన్నాడు. కడుపు జబ్బుతో బాధపడే తిమోతికి ప్రార్థన మాత్రమే చేయమనకుండా, ఆ కాలానికి తెలిసిన ఔషధాన్ని కొంచెం పుచ్చుకోమని రాశాడు. కళ్లజోడు పెట్టుకొని బైబిలు చదివే మనం మెదడుకు మందు వాడడాన్ని అవిశ్వాసమనడం పొసగదు. లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ 1856లో, తన 22వ ఏట, తాను ప్రసంగిస్తున్న సభలో ఎవరో మంట అని అబద్ధపు కేక వేయగా జరిగిన తొక్కిసలాటలో ఏడుగురు మరణించిన తరువాత తీవ్రంగా క్రుంగిపోయాడు. జీవితాంతం తనను వెంటాడిన ఆ కుంగుబాటును ఆయన తన విద్యార్థుల ముందు దాచుకోలేదు. గొప్ప విశ్వాసికి ఈ వ్యాధి రాదనే వాదనకు ఇంతకంటె జవాబు అక్కరలేదు.

వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు మొదట చెప్పిన రెండు వారాల పుస్తకాన్ని, వాడుతున్న మందులన్నిటి పేర్లను తీసుకువెళ్లాలి. కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి, ఆత్మహత్య వంటివి ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. గర్భం, పాలివ్వడం, గర్భం ధరించే ఆలోచన ఉన్నా ముందే తెలియజేయాలి. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన మరునాడే పనిచేయవు. సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకు తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి ఇంకా సమయం పడుతుంది, కోలుకున్న తరువాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమని వైద్యులు చెబుతారు. స్వస్థత కూడికలో ప్రార్థన చేయించుకొని ఆ రాత్రే మాత్రలు పారవేయడం విశ్వాసానికి రుజువు కాదు. హఠాత్తుగా మానితే తల తిరగడం, వాంతులు, తలలో విద్యుత్తు తగిలినట్లు జివ్వుమనడం వంటివి రావచ్చు, వ్యాధి తిరగబెట్టవచ్చు. నిజంగా స్వస్థత కలిగిందని నమ్మితే ఆ సంగతిని వైద్యునికే చెప్పి, ఆయన పర్యవేక్షణలో క్రమంగా తగ్గించవచ్చు. దేవుడు చేసిన మేలు వైద్యపరీక్షకు భయపడదు.

కౌన్సిలర్ క్రైస్తవులే అయి ఉండాలా అని చాలామంది అడుగుతారు. శిక్షణ పొందిన క్రైస్తవ కౌన్సిలర్ దొరికితే మంచిదే. దొరకనప్పుడు, శిక్షణ లేని విశ్వాసికంటె, మీ విశ్వాసాన్ని గౌరవించే శిక్షణ గల అన్యుని దగ్గరికి వెళ్లడమే మేలని నా అభిప్రాయం. మొదటి కలయికలోనే, నా ప్రార్థన, నా సంఘం నాకు ముఖ్యం, వాటిని చికిత్సలో భాగంగా తీసుకోగలరా అని అడగవచ్చు.

ప్రసవమైన రెండు మూడు రోజులకు ఏడుపు, చిరాకు రావడం మామూలే. అది రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రసవించిన స్త్రీలలో దాదాపు 13 శాతం మందికి మానసిక వ్యాధి, ముఖ్యంగా డిప్రెషన్, వస్తుంది. బిడ్డ దేవుని బహుమానమైనప్పుడు ఏడుపెందుకని ఆ తల్లిని అడగవద్దు. వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో మాత్రం, సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే, లేని స్వరాలు వినిపించడం, వింత నమ్మకాలు, గందరగోళం మొదలవుతాయి. బిడ్డలో దయ్యముందని ఆ తల్లి అంటే, ఎవరూ విడుదల ప్రార్థనకు కూర్చోకుండా, తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకుండా, అదే గంటలో ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

చనిపోవాలనే మాట వినబడినప్పుడు

మోషే, ఏలీయా, యోనా, యోబు చావును కోరుకున్నారు. అందుచేత ఆ ఆలోచన వచ్చినందుకు మీరు దేవునికి దూరమయ్యారని అనుకొని దానిని దాచవద్దు. ఈ రోజే ఒకరికి చెప్పండి. ఒక సహోదరి విషయంలో అనుమానం ఉంటే, “చనిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగానే అడగాలి. అలా అడగడంవల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే, పద్ధతి ఏదైనా ఆలోచించిందా, దానికి కావలసినది దగ్గర ఉందా అని అడిగి, మాత్రలను, విషపదార్థాలను, హాని చేయగల వస్తువులను ఆమెకు అందకుండా తీసివేసి, అత్యవసర సేవలకు ఫోను చేసి, సహాయం వచ్చేవరకు పక్కనే ఉండాలి. ఆత్మహత్య చేసుకుంటే నరకమని బెదిరించడం ఆ ఘడియలో ఆమె నోరు మూయిస్తుంది. ప్రార్థన చేయవచ్చు, అయితే ఆమె చెయ్యి పట్టుకొని, తలుపు తెరిచి ఉంచి, ఫోను అందుబాటులో పెట్టుకొని చేయాలి.

పరిచర్యకు తిరిగి రావడం

కోలుకొనే కాలంలో సండేస్కూలు, పాటల బృందం, భోజనాల ఏర్పాట్లు, పరామర్శలు అన్నీ ఒకేసారి తిరిగి తలకెత్తుకోవాలనే తొందర సహజం, అంతకుముందు అవన్నీ చేసిన స్త్రీకి మరీ సహజం. “ఈ పని నీకు మిక్కిలి భారము, అది నీవు ఒక్కడవే చేయచాలవు” అని మోషేకు మామ యిత్రో చెప్పిన మాట ఇక్కడ సరిపోతుంది. పనులన్నిటినీ ఒక కాగితంమీద రాసి, చేస్తే బలమిచ్చేది ఒకటి, భారంగా ఉన్నా మానలేనిది ఒకటి ఉంచుకొని, మిగిలినవాటిని మూడు నెలలపాటు ఇతరులకు అప్పగించవచ్చు. సంఘం ఒప్పుకోదేమోననే భయముంటే, ఆ కాగితాన్ని మీ తరఫున పాస్టరుగారికి ఇచ్చే బాధ్యతను ముందుగా ఎంచుకున్న ఆ ఇద్దరిలో ఒకరు తీసుకోవాలి. హోరేబునుండి ఏలీయా మూడు పనులతో దిగివచ్చాడు: ఇద్దరు రాజులకు అభిషేకం, తన తరువాత ప్రవక్తగా ఉండవలసిన ఎలీషాకు అభిషేకం. అతడు ముందుగా వెళ్లినది ఎలీషా దున్నుతున్న పొలానికి.